పాటల అట్టల కోసం మూడు ఊళ్లు

మా బాబాయి తెనాలిలో నలభై ఏళ్లుగా సినిమా పాటల పుస్తకాలు పోగేస్తున్నాడు. ఒకప్పుడు హాలు బయట పావలాకి అమ్మేవాళ్లే, అవి. అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ, లోపల సగం కథ, సరిగ్గా రసపట్టులో ‘మిగతా వెండితెరపై చూడండి’. అలాంటివి మూడు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. అక్టోబర్లో అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు నయాగరా తీసుకెళ్తానన్నాను. “నీళ్లు పడటం సాగర్ గేట్ల దగ్గర చూశాన్లేరా. వీళ్లకి మన పాటల పుస్తకాల్లాంటివి ఉండేవా? ఉంటే అవి చూపించు” అన్నాడు.

ఉండేవి. రేడియో, రికార్డులు ఇంటింటికీ చేరకముందు అమెరికాలో కొత్త పాట వచ్చిందంటే కొన్ని పేజీల కాగితం వచ్చినట్టే. లోపల పియానో మీద వాయించుకోడానికి స్వరాలు, వాటి కింద సాహిత్యం, పైన రంగుల అట్ట. దీన్నే షీట్ మ్యూజిక్ అంటారు. వూల్‌వర్త్ లాంటి దుకాణాల్లో పది సెంట్లకు దొరికేది. వందల పాటలు పక్కపక్కన పేర్చి ఉంటే కొనేవాడి చెయ్యి దేని మీదకి వెళ్తుందో తేల్చేది అట్టే. అందుకని మంచి చిత్రకారులను పెట్టి వేయించేవాళ్లు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఈ వ్యాపారం మాంచి ఊపులో ఉంది. ఆ యుద్ధం మీద వచ్చిన పాటల కాగితాలే వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దగ్గర 14,000కు పైగా ఉన్నాయి.

ఇవి చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మరి పెట్రోలు పోసుకుని వెళ్లడమెందుకని మా ఆవిడ అడిగింది. సరైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు, శుక్రవారం మధ్యాహ్నానికి గానీ దొరకలేదు.

ముందు బాల్టిమోర్. ఎడిసన్ నుంచి కారులో మూడు గంటల లోపే. మౌంట్ వెర్నన్ అనే పాత పేటలో దిగాం. ఆ పేట ఎంత అందంగా ఉందంటే హోటల్ మీద కోపం కాస్త తగ్గింది. హోటల్ పేరు చెప్పను. ‘చారిత్రక భవనం’ అని రాసుకున్నారు. నిజమే, లిఫ్టు కూడా చారిత్రకమే. రాత్రంతా హీటర్ గొట్టాలు టకటకమంటూనే ఉన్నాయి. కారు పార్కింగ్ రాత్రికి 40 డాలర్లని గది బుక్ చేసినప్పుడు ఎక్కడా చెప్పలేదు, బిల్లులో కనిపించింది. అడిగితే “అందరికీ తెలుసు సార్” అన్నట్టు చూశారు. మళ్లీ వెళ్తే కారు ఇంట్లోనే పెట్టి రైల్లో వెళ్తాను. స్టేషన్ నుంచి ఈ పేటకి నడిచిపోవచ్చు. పైగా చార్మ్ సిటీ సర్క్యులేటర్ అని టికెట్ లేని సిటీ బస్సులున్నాయి. అందులో పర్పుల్ రూటు బస్సు ఈ పేట మీదుగానే యూనివర్సిటీ వైపు వెళ్తుంది. ఫ్రీ బస్సు అంటే బాబాయి ముందు నమ్మలేదు, తర్వాత దిగనన్నాడు.

మేము వెళ్లింది జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ల లెవీ సేకరణ కోసం. లెస్టర్ లెవీ అని బాల్టిమోర్ వ్యాపారి, వాళ్లది గడ్డి టోపీలు తయారుచేసే కుటుంబం. ఆయన పోగేసినవన్నీ యూనివర్సిటీకి ఇచ్చేశాడు. ఇప్పుడు 29,000కు పైగా ఉన్నాయి. నేను రెండు వారాల ముందే మెయిల్ రాసి, ఏ పాటలు చూడాలో జాబితా పంపి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఊరికే వెళ్లి తలుపు తడితే పని జరగదు. పెన్ను కుదరదు, పెన్సిలే. బ్యాగు లాకర్లో. అక్కడి ఉద్యోగిని మాత్రం ఎంత ఓపికగా మాట్లాడిందో! బాబాయి తెనాలి పెట్టెల గురించి చెబితే, చెదలు పట్టకుండా ఏం చేస్తారని అడిగి మరీ తెలుసుకుంది. వేపాకు అన్నాడు. రాసుకుంది.

మొదట వచ్చినవి ఇ.టి. పాల్ అచ్చేసిన మార్చ్‌లు, అంటే కవాతు బాణీలు. దౌడు తీసే గుర్రాలు, రథాలు, తగలబడుతున్న రోమ్ నగరం. ఎరుపు, పసుపు కళ్లలో పొడిచినట్టు ఉంటాయి. లిథోగ్రఫీ అంటే రాతి మీద గీసి, ఒక్కో రంగుకి ఒక్కో రాయి చొప్పున కాగితం మీద అద్దడం. దగ్గరగా వంగి చూస్తే రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. పాట ఎలా ఉంటుందో గానీ అట్ట మాత్రం మన పాత జానపద సినిమా పోస్టరే. “ఇది చూస్తే హాల్లోకి దూరాల్సిందేరా” అన్నాడు బాబాయి.

అమెరికా జాతీయగీతం మొదటి అచ్చు 1814లో వేసింది ఈ ఊళ్లోనే. అందులో ‘పేట్రియాటిక్’ అనే మాటలో ఒక అక్షరం ఎగిరిపోయింది. దేశభక్తి గీతంలో దేశభక్తికే అచ్చుతప్పు. దానికి బొమ్మల అట్ట లేదు కాబట్టి మేమూ ఎక్కువసేపు ఆగలేదు.

అసలైనది ఆ తర్వాత వచ్చింది. 1915 నాటి పాట, ‘నా బిడ్డను సిపాయిని చేయడానికి పెంచలేదు’ అని దాని పేరుకి అర్థం. ఆల్‌ఫ్రెడ్ బ్రయన్ రాశాడు, అల్ పియాంటడోసి బాణీ కట్టాడు, న్యూయార్క్‌లో లియో ఫైస్ట్ అచ్చేశాడు. అప్పటికి యూరప్‌లో యుద్ధం జరుగుతోంది గానీ అమెరికా దిగలేదు. అట్ట మీద జుట్టు నెరిసిన తల్లి కొడుకుని రెండు చేతులతో చుట్టేసి పట్టుకుని ఉంటుంది. చుట్టూ యుద్ధం. ‘ఎక్కడున్నా సరే, ప్రతి తల్లికీ అంకితం’ అని అచ్చేశారు. లక్షల్లో అమ్ముడైంది. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కి ఒళ్లు మండింది. ఈ పాట మెచ్చుకునేవాళ్లు ‘నా కూతుర్ని తల్లిని చేయడానికి పెంచలేదు’ అన్నా మెచ్చుకుంటారని ఎద్దేవా చేశాడు. దీనికి పోటీగా, వెక్కిరింపుగా పాటలు వరుసకట్టాయి. ‘నా కుక్కను సాసేజి చేయడానికి పెంచలేదు’ అని కూడా ఒకటి వచ్చింది.

బాబాయి ఆ తల్లి చేతులకేసి చాలాసేపు చూశాడు. వేళ్లు కొడుకు కోటులోకి దిగిపోయినట్టు ఉన్నాయి. ఏమీ అనలేదు, ఫొటో తీసుకోవచ్చా అని మాత్రం అడిగించాడు. ఫ్లాష్ లేకుండా తీసుకోమన్నారు.

మధ్యాహ్నం మళ్లీ మౌంట్ వెర్నన్‌కి వచ్చి పీబాడీ లైబ్రరీ చూశాం. 1878లో కట్టింది. నలుపు తెలుపు చలవరాళ్ల నేల, అయిదు అంతస్తుల ఇనప బాల్కనీలు, పైన అద్దాల కప్పు. ప్రవేశం ఉచితం. బాల్టిమోర్‌లో ఒక్కటే చూసే టైముంటే ఇదే చూడండి. పక్కనే వాషింగ్టన్ స్మారక స్తంభం ఉంది, పైకి 227 మెట్లు. బాబాయి మోకాళ్లకి దణ్ణం పెట్టి కిందనుంచే చూశాం. రాత్రి భోజనానికి ఊరి ప్రత్యేకత అని పీత మాంసంతో చేసిన క్రాబ్ కేక్ తిన్నాం. పీత బాగుంది, ధర బాగాలేదు. “పులుసు పెట్టాల్సిన పీతని గారె చేశార్రా” అని బాబాయి తీర్పు.

మర్నాడు మార్క్ అనే లోకల్ రైలెక్కి వాషింగ్టన్. బాల్టిమోర్ పెన్ స్టేషన్‌లో ఎక్కితే సుమారు గంటలో యూనియన్ స్టేషన్. కారు వేసుకెళ్లి అక్కడ పార్కింగ్ వెతికే పాపం పెట్టుకోకండి. స్టేషన్ నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల మాడిసన్ భవనానికి ఇరవై నిమిషాల నడక, దారిలో క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) గోపురం కనిపిస్తుంది. రీడర్ కార్డు ఉచితం, పదహారేళ్లు నిండినవాళ్లెవరికైనా ఇస్తారు, కాకపోతే పాస్‌పోర్ట్ లాంటి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఇక్కడే చిక్కొచ్చింది. బాబాయి పాస్‌పోర్ట్ భద్రంగా ఉంటుందని బాల్టిమోర్ హోటల్లో సూట్‌కేసు అడుగున పెట్టి, జేబులో ఆధార్ కార్డు తెచ్చాడు.

“ఇందులో వేలిముద్రలు కూడా ఉన్నాయని చెప్పరా.”

“చెప్పినా లాభం లేదు బాబాయ్. పాస్‌పోర్ట్ కావాలంటున్నారు.”

“మోదీ గారి సంతకం ఉంటే ఒప్పుకుంటారా?”

కౌంటర్లో ఉన్నాయన నవ్వు ఆపుకుంటూనే ఉన్నాడు గానీ రూలు రూలే. మళ్లీ బాల్టిమోర్, మళ్లీ వాషింగ్టన్. పొద్దున పదికి మొదలవ్వాల్సిన పని మధ్యాహ్నం రెండుకి మొదలైంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పాస్‌పోర్ట్ మీ చేత్తో మీరు పట్టుకోండి.

సంగీతానికి వేరే రీడింగ్ రూమ్ ఉంది. ‘ఆస్క్ ఎ లైబ్రేరియన్’ అని వాళ్ల సైట్లో ఒక సౌకర్యం ఉంది, ముందే అక్కడ రాసి అడగడం మంచిదైంది. మేము వెళ్లేసరికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, పోయిన టైమ్ కాస్త కలిసొచ్చింది.

ఫోల్డర్ తెరవగానే బాబాయి “ఇదేంటి, ఇంత చిన్నది?” అన్నాడు. మా ఆవిడ ప్రశ్నకి జవాబు అదే. ఫోన్‌లో చూస్తే అన్ని అట్టలూ ఒకే సైజు. బల్ల మీద అలా కాదు. 1915 నాటి అట్ట పదమూడున్నర అంగుళాల పొడవు, ఒళ్లో పెట్టుకుంటే తొడలు కప్పేంత. 1918 నాటి ఈ పాట నోటుపుస్తకమంత. లోపల ఫైస్ట్ కంపెనీ వాళ్లే చెప్పుకున్నారు: యుద్ధ సమయంలో ప్రభుత్వానికి సహకరిస్తూ, కాగితం ఆదా చేయడానికి మామూలు కన్నా చిన్న సైజులో వేస్తున్నామని. యుద్ధం పాటలోకే కాదు, కాగితం కొలతలోకీ వచ్చేసింది.

తర్వాతి ఫోల్డర్లో 1917 నాటి పాట. ‘అమెరికా, ఇడుగో నా కొడుకు’ అని అర్థం వచ్చే పేరు. ఏప్రిల్ 6న అమెరికా యుద్ధంలో దిగింది. ఈ అట్ట మీదా తల్లే, కొడుకే. కాకపోతే కొడుకు యూనిఫామ్‌లో ఉన్నాడు, తల్లి అతన్ని దేశానికి అప్పగిస్తోంది. ‘ప్రతి అమెరికన్ తల్లి మనోభావం’ అని పైన రాశారు. రెండేళ్ల కింద ప్రతి తల్లీ వద్దంది, ఇప్పుడు ప్రతి తల్లీ తీసుకోమంటోంది. బాబాయి ఫోన్ తీసి నిన్నటి ఫొటో పెద్దది చేసి దీని పక్కన పెట్టాడు. “నిన్న పట్టుకున్న చేతులే, ఇవాళ ముందుకు తోస్తున్నాయి” అన్నాడు. ఆ మొదటి పాట రాసిన బ్రయన్ కూడా ఊరుకోలేదు, 1917లోనే ఫ్రాన్స్ కోసం ఆ దేశపు పాత వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌ని పిలుస్తూ యుద్ధగీతం రాశాడు. గాలి ఎటు వీస్తే పాట అటు.

జార్జ్ ఎం. కోహన్ రాసిన యుద్ధగీతం ‘ఓవర్ దేర్’కి ఎన్నో అట్టలున్నాయి. పాట అదే, పాడేవాళ్లు మారితే వాళ్ల ఫొటోతో మళ్లీ అచ్చు. మనకి శతదినోత్సవ పోస్టర్ మారినట్టు. 1918లో నార్మన్ రాక్‌వెల్ బొమ్మతో ఒకటి వచ్చింది. మంట చుట్టూ కూర్చుని పాడుతున్న కుర్ర సిపాయిలు. మంట వెలుగు కింద నుంచి మొహాల మీద పడుతుంది, నోళ్లు తెరిచి ఉన్నాయి. శవాలు లేవు, బురద లేదు. నాకు అన్నిట్లోకీ అందమైన అట్ట ఇదే, కాస్త అనుమానంగా చూడాల్సిందీ ఇదే.

దానికి విరుగుడు 1919 నాటి ‘ఆన్ పట్రోల్ ఇన్ నో మ్యాన్స్ ల్యాండ్’. రెండు సైన్యాల మధ్య ఎవరిదీ కాని నేలలో గస్తీ అని అర్థం. 369వ దళంలో నల్లజాతి సైనికుల బ్యాండు నడిపిన జేమ్స్ రీస్ యూరప్ (ఆయన ఇంటిపేరే యూరప్), అదే దళంలోని నోబుల్ సిసిల్, బాల్టిమోర్‌లో పుట్టిన యూబీ బ్లేక్ కలిసి చేసిన పాట. నల్లజాతివాళ్లు గౌరవంగా కనిపించే అట్టలు ఎంత తక్కువో, పెద్ద పెదాలతో, గుడ్లు మిటకరించి వెక్కిరించే అట్టలు అంత ఎక్కువ. రెండు లైబ్రరీల్లోనూ అవీ ఉన్నాయి, దాచలేదు. పిల్లల్ని తీసుకెళ్తే ముందే చెప్పి ఉంచండి. మన దేశం నుంచీ పది లక్షల మందికి పైగా ఆ యుద్ధానికి వెళ్లారు కదా, ఎక్కడైనా ఒక్క తలపాగా కనిపిస్తుందేమోనని బాబాయి చివరిదాకా వెతికాడు. మేము చూసిన ఫోల్డర్లలో లేదు.

రెండో ప్రపంచయుద్ధం నాటివీ కొన్ని చూశాం. అప్పటికి రేడియో వచ్చేసింది, అట్ట మీద బొమ్మ పోయి బ్యాండ్ లీడర్ ఫొటో వచ్చింది. వాటి కోసం ప్రయాణం అక్కర్లేదు.

ఆదివారం న్యూయార్క్, రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి. పాటలు అచ్చేసే కంపెనీలు ఒకప్పుడు గుమిగూడిన టిన్ పాన్ ఆలీ 28వ వీధిలో, బ్రాడ్‌వేకి సిక్స్త్ అవెన్యూకి మధ్య. 47 నుంచి 55 దాకా నంబర్లున్న అయిదు పాత భవనాలు, 2019లో వాటిని కూల్చకుండా రక్షిత కట్టడాలు చేశారు. ఒకప్పుడు ప్రతి గదిలోంచీ పియానో మోత వచ్చేదట, డబ్బాలు వాయించినట్టు ఉండేదని ఆ పేరు వచ్చిందంటారు. ఇప్పుడు పేవ్‌మెంట్‌లో ఒక ఫలకం తప్ప చూడ్డానికేం లేదు. పది నిమిషాలు చాలు. ప్రత్యేకంగా వెళ్లకండి, అటు పనుంటే తొంగిచూడండి.

కాకపోతే మూడు వీధుల అవతల, 25వ వీధిలో శని, ఆదివారాలు చెల్సీ ఫ్లీ అని పాత సామాన్ల సంత జరుగుతుంది. అక్కడ ఒక బల్ల కింద అట్టపెట్టెలో షీట్ మ్యూజిక్ దొరికింది. అంచులకి పసుపుపచ్చబడిన టేపు, ఏదో ఊరి మ్యూజిక్ షాపు రబ్బరు ముద్ర, మూల పెన్సిల్‌తో ఒక అమ్మాయి పేరు. ఇరవై అన్నాడు. బాబాయికి ఇంగ్లిష్ రాకపోయినా బేరం వచ్చు. కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుని, చిరుగు చూపించి, పెదవి విరిచి, మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. పన్నెండుకి దిగాడు. ఇంటికొచ్చాక నేను ప్లాస్టిక్ కవర్లో పెడతానంటే వద్దని, మధ్యలో అట్టముక్క వేసి పంచె మడతలో చుట్టాడు.

ఆ రాత్రి వీడియో కాల్లో పిన్ని “ఏంటది, ఎంత?” అని అడిగింది.

“రెండు డాలర్లు” అన్నాడు బాబాయి, నాకేసి చూడకుండా.