విపత్తు నిర్వహణలో ఆన్‌లైన్ పీజీ: ఫీజు కట్టేముందు ఇది చదవండి

డిజాస్టర్ మేనేజ్‌మెంట్, ఎమర్జెన్సీ రెస్పాన్స్‌లో ఆన్‌లైన్ పీజీ చేద్దామని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. రెండేళ్ల కోర్సులో నాకు ఏడాది అయిపోయింది. ఫీజంతా ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటే కట్టేశాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతి రేపు ఇంకో పేరుతో మీ ముందుకు రావచ్చు కాబట్టి పద్ధతినే గుర్తుపెట్టుకోండి.

బ్రోచర్ మొదటి పేజీలో హెల్మెట్లు పెట్టుకుని శిథిలాల మధ్య స్ట్రెచర్ మోస్తున్న విద్యార్థుల ఫొటో ఉంది. కింద ఫీల్డ్ ఎక్సర్‌సైజులు, సహాయక బృందాలతో ఇంటర్న్‌షిప్ అని రాశారు. నేను చేరింది ఆ రెండింటి కోసమే. ఫీల్డ్ ఎక్సర్‌సైజ్ ఎన్ని రోజులుంటుందని కౌన్సెలర్‌ని ఫోన్‌లో అడిగితే, "రెండో సెమిస్టర్‌లో ఉంటుంది మేడమ్, మీరు టెన్షన్ పడకండి" అన్నారు. ఎన్ని రోజులో మాత్రం చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

రెండో సెమిస్టర్‌లో ఒక లింక్ వచ్చింది. తెరిస్తే నలభై నిమిషాల వీడియో. ఎవరో, ఎక్కడో, ఎప్పుడో చేసిన మాక్ డ్రిల్ రికార్డింగ్. చూశాక పది ప్రశ్నలకు జవాబులు టిక్ చేయాలి. అంతే, ఫీల్డ్ ఎక్సర్‌సైజ్ క్రెడిట్లు వచ్చేశాయి.

దీనివల్ల ఎంత నష్టమో నాకు తర్వాత తెలిసింది. ట్రయాజ్, అంటే ఎక్కువమంది గాయపడినప్పుడు ఎవరికి ముందు చికిత్స అందాలో తేల్చే పద్ధతి, పరీక్షలో తప్పు లేకుండా రాశాను. నడవగలిగినవాళ్లను ముందు ఒక పక్కకు పిలవాలి, వాళ్లకు ఆకుపచ్చ ట్యాగు, అంటే చికిత్సకు ఆగగలరు. మిగిలినవాళ్లలో ఊపిరి నిమిషానికి 30 సార్లు దాటితే ఎరుపు, అంటే వెంటనే చికిత్స. మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, చెప్పిన చిన్న పని చేయలేకపోయినా ఎరుపే. ఊపిరి ఆగినవాళ్లకు వాయుమార్గం తెరిచాక ఊపిరి వస్తే ఎరుపు, తెరిచినా రాకపోతే నలుపు, అంటే ఇక ఆశ లేదని. మిగతావాళ్లకు పసుపు, అంటే ఎరుపు తర్వాత వీళ్ల వంతు. ఒక్కొక్కరి దగ్గర నిమిషానికి మించి ఆగకూడదు.

ఆ తర్వాత ఒక స్వచ్ఛంద బృందం మాక్ డ్రిల్ చేస్తుంటే వెళ్లాను. నా చేతిలో రంగు ట్యాగుల కట్ట పెట్టారు. గాయపడినట్టు నటిస్తున్న ఒకతను నా చొక్కా చెయ్యి పట్టుకుని గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను. రెండడుగుల దూరంలో ఇంకొకామె చప్పుడు చేయకుండా పడుకుని ఉంది. డ్రిల్ నడిపిస్తున్నాయన నా భుజం తట్టి వాచీ చూపించారు. నాలుగు నిమిషాలు అయిపోయాయి. అరుస్తున్నతని మెడలోని కార్డు మీద "చెయ్యి విరిగింది, నడవగలడు" అని ఉంది. ఆమె కార్డు మీద "ఊపిరి నిమిషానికి 36". నడవగలిగినవాళ్లను పక్కకు రమ్మని పిలవాలన్న మొదటి మెట్టే నేను మర్చిపోయాను. నిజంగా ప్రమాదం జరిగిన చోట అయితే ఆమె పరిస్థితి ఏమిటి? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది చదివి వచ్చేది కాదు, చేతికి అలవాటు కావాలి. ఆ అలవాటు చేయిస్తామనే నా దగ్గర ఫీజు తీసుకున్నారు.

పాఠాల సంగతీ చెప్పాలి. విపత్తుల ముప్పు తగ్గించడానికి ప్రపంచ దేశాలు 2015 మార్చిలో సెండాయ్ ప్రణాళికను ఆమోదించాయి, అది 2030 వరకు నడుస్తుంది. మా స్లైడ్లు మాత్రం దానికి ముందు, 2005 నుంచి 2015 వరకు నడిచిన హ్యోగో ప్రణాళిక దగ్గరే ఆగిపోయాయి. సహాయ శిబిరాల కనీస ప్రమాణాలు చెప్పే స్ఫియర్ హ్యాండ్‌బుక్ నుంచి ఒక అంకె మాత్రం చూపించారు: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. రెండు వేల మంది ఉన్న శిబిరానికి లెక్క వేయమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. హ్యాండ్‌బుక్ 2018 ముద్రణ నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, నేనే తీసి లెక్క వేసుకున్నాను. రోజుకు 30,000 లీటర్లు. 250 మందికి ఒక కుళాయి చొప్పున ఎనిమిది. మరుగుదొడ్లు మొదటి రోజుల్లో 50 మందికి ఒకటి చొప్పున 40, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి చొప్పున 100. అందులోనూ మగవాళ్లకు ఒకటైతే ఆడవాళ్లకు మూడు ఉండాలి, అంటే 75 వాళ్లకే. ఇలా ఒక్క లెక్క వేయించినా ఆ క్లాసు నాకు పనికొచ్చేది.

ఇక పట్టా. ప్రకటనలో మాస్టర్స్ అని ఉంది, అడ్మిషన్ లెటర్‌లో చూస్తే ప్రొఫెషనల్ డిప్లొమా. వెబ్‌సైట్‌లో భాగస్వాములంటూ పెట్టిన లోగోల్లో ఒక సంస్థకు మెయిల్ పెడితే, మాకు వాళ్లతో ఏ ఒప్పందమూ లేదని మర్నాడే జవాబు వచ్చింది. ఇంటర్న్‌షిప్ గురించి అడిగితే మీరే వెతుక్కోండి, లెటర్ మేమిస్తాం అన్నారు. రీఫండ్ అడిగితే లాగిన్ ఇచ్చిన 14 రోజుల్లోపే అడగాలట. ఆ 14 రోజుల్లో మాకు చూపించింది స్వాగతం వీడియోలే.

కాబట్టి చేరేముందు ఎక్సర్‌సైజుల క్యాలెండర్ తేదీలతో సహా అడగండి. టేబుల్ చుట్టూ కూర్చుని చర్చించేవి ఎన్ని, మైదానంలో నిజంగా చేయించేవి ఎన్ని, అయిపోయాక తప్పొప్పులు కూర్చోబెట్టి చెప్పేదెవరు? ఆన్‌లైన్ కోర్సంటే అన్నీ మోసమని అనడం లేదు. కొన్ని రోజులు క్యాంపస్‌కి రప్పించి చేతులతో చేయించే కోర్సులూ ఉంటాయి, ఈ ప్రశ్నలకు వాళ్లు వెంటనే జవాబిస్తారు. పాఠం చెప్పేవాళ్లు ఏ విపత్తులో ఏ పని చేశారో అడగండి. గుర్తింపు ఉందో లేదో కోర్సు వాళ్ల సైట్‌లో కాకుండా గుర్తింపు ఇచ్చే సంస్థ సైట్‌లోనే చూడండి. పాత విద్యార్థులతో మాట్లాడండి, కానీ కౌన్సెలర్ ఇచ్చిన నంబర్లకు కాకుండా మీరు వెతికి పట్టుకున్నవాళ్లతో. తగ్గింపు ఎంత ఇస్తామన్నా ఫీజంతా ఒకేసారి కట్టకండి.

ఇప్పటికే ఇలాంటి కోర్సులో చేరి, రీఫండ్ గడువు ఇంకా మిగిలి ఉంటే, ఫీల్డ్ ఎక్సర్‌సైజ్ తేదీ, చోటు రాసి పంపమని ఈ రోజే మెయిల్ పెట్టండి. ఫోన్ చేయకండి. ఫోన్‌లో నాకు చెప్పిన ఒక్క మాటకూ ఇప్పుడు నా దగ్గర రుజువు లేదు.