పాత మోటర్‌బోటు కొని నీళ్ళ మీదే ఇంటికి తెచ్చుకోబోతున్నారా? సీ ట్రయల్ (కొనేముందు బోటుని నీళ్ళ మీద నడిపి చూడటం) దగ్గర జాగ్రత్త

ఫ్లోరిడాలో పాత మోటర్‌బోటు కొని, అమెరికా తూర్పు తీరం వెంట సాగే లోపలి జలమార్గం ఇంట్రాకోస్టల్ వాటర్‌వే మీదుగా స్వయంగా నడుపుకుంటూ ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మాకు బోటు అమ్మిన బ్రోకర్ ఎవరో చెప్పడం లేదు. అతను వాడిన పద్ధతి తెలిస్తే చాలు, ఎక్కడ ఎదురైనా గుర్తుపట్టగలరు.

మాది ముప్పై అడుగులు దాటిన బోటు, ఒకటే డీజిల్ ఇంజిన్. సెయింట్ అగస్టీన్ వైపు కొన్నాం, సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌కి తేవాలి. ట్రక్కు మీద పంపే ఖర్చు గురించి అడిగితే బ్రోకర్ నవ్వి, "ట్రక్కు ఎందుకు, లోపలి నీళ్ళే కదా, తాళం తిప్పి వెళ్ళిపోండి" అన్నాడు. ఆ మాటలో సగమే నిజం. వర్జీనియాలోని నార్ఫోక్ దగ్గర సున్నా మైలుతో మొదలై ఫ్లోరిడా కొసన ఉన్న కీ వెస్ట్ దాకా 1,200 మైళ్ళకు పైగా సాగే ఈ దారి చాలావరకు దీవుల మాటునే ఉంటుంది. అయితే అన్నిచోట్లా కాదు. జార్జియాలో కంబర్లాండ్ దీవి దాటి జెకిల్ దీవి చేరేలోపు సెయింట్ ఆండ్రూ సౌండ్ అనే, సముద్రానికి తెరుచుకున్న వెడల్పాటి నీటిపాయ వస్తుంది. అక్కడ ఇసుక మేటల్ని తప్పించుకోవడానికి దారి సముద్రం వైపుకి వంగుతుంది. తూర్పు గాలి వీస్తూ నీళ్ళు బయటికి లాగుతున్న వేళ కెరటాలు నిటారుగా లేస్తాయి. మా ఇంజిన్ ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

ముందు ఆర్‌పీఎం కొంచెం తగ్గింది, మళ్ళీ పెరిగింది, మళ్ళీ తగ్గింది. తర్వాత చప్పుడే లేదు. మా బావగారు వెంటనే యాంకర్ వదిలారు కాబట్టి మేట మీదికి కొట్టుకుపోలేదు. ఫ్యూయల్ ఫిల్టర్ కింద ఉండే గాజు గిన్నెలోకి టార్చి వేసి చూస్తే, టీ వడగట్టాక మిగిలిన పిప్పిలా నల్లటి మడ్డి సగం దాకా పేరుకుని ఉంది. కొత్త ఫిల్టర్ వేశాం. అదీ కాసేపట్లోనే మూసుకుపోయింది. చివరికి లాక్కెళ్ళే టో బోటు పిలిపించుకుని బ్రన్స్‌విక్ వైపు చేరాం.

ఏళ్ళ తరబడి కదలని బోటు ట్యాంకులో నీళ్ళు చేరతాయి. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి, మడ్డిగా మారి అడుగున కూర్చుంటాయి. నిలకడ నీళ్ళలో అది కదలదు. బోటు ఊగగానే మొత్తం లేచి ఫిల్టర్‌లోకి వస్తుంది. అంటే కొనేముందు ప్రశాంతంగా నడిచిన బోటు, మనకి ఇంజిన్ అత్యంత అవసరమైన చోటే మొరాయిస్తుంది.

యార్డులో మెకానిక్ ఇంకా చాలా బయటపెట్టాడు. ఇంజిన్‌ని చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్‌లో రబ్బరు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఎప్పుడో తెగిపోయిన పాత ఇంపెల్లర్ (చల్లబరిచే నీళ్ళు తోడే రబ్బరు చక్రం) రెక్కలవి. కొత్త ఇంపెల్లర్ వేసినవాళ్ళు తెగిన ముక్కలు ఎక్కడికి పోయాయో వెతకలేదు. ఇంజిన్ గంటలు చూపించే మీటర్ చుట్టూ ఎండ తగలని ఒక లేత వలయం, దానికి తళతళలాడే కొత్త స్క్రూలు. అంటే ప్యానెల్‌కి ఉన్న వయసు ఆ మీటర్‌కి లేదు. అమ్మకం ప్రకటనలో "తక్కువ గంటలు నడిచిన ఇంజిన్" అని రాసింది ఆ మీటర్ చూసే!

ఇప్పుడు అసలు విషయం. ఇవన్నీ సీ ట్రయల్ రోజునే బయటపడాల్సినవి. పడకుండా ఎలా చేశారో చూడండి.

మేం వెళ్ళేసరికే ఇంజిన్ నడుస్తోంది. "మీ కోసం రెడీ చేసి పెట్టాం" అన్నారు, మర్యాదలాగే అనిపిస్తుంది. డీజిల్ ఇంజిన్ జాతకం చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే తెలుస్తుంది. ఎంతసేపు తిప్పితే అందుకుంటోంది, ఏ రంగు పొగ వస్తోంది, అది ఎంతసేపటికి తగ్గుతోంది అనేవి వేడెక్కిన ఇంజిన్‌లో కనపడవు. మీరు వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజు ట్రయల్ వద్దని చెప్పి, ఇంకో రోజు రండి.

రెండోది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. ట్రయల్‌కి బ్రోకర్ ఎంచుకున్న దారి మొత్తం మనాటీల (నెమ్మదిగా ఈదే పెద్ద నీటి జంతువులు) కోసం వేగం తగ్గించమని బోర్డులు పెట్టిన జోన్. అక్కడ స్పీడుగా పోవడం చట్టవిరుద్ధం, పోకూడదు కూడా, ఆ జీవాలు బోట్ల కింద పడి చచ్చిపోతాయి. ఆ నిబంధనని వీళ్ళు అడ్డం పెట్టుకున్నారు. ఫుల్ థ్రాటిల్ (ఇంజిన్ పూర్తి జోరు) అడిగితే "ఇక్కడ కుదరదండీ, రూల్" అని బోర్డు చూపించాడు. జోన్ దాటి వెళ్దామంటే టైం లేదన్నాడు. ఫుల్ థ్రాటిల్‌లోనే ఇంజిన్ ఎక్కువ డీజిల్ లాగుతుంది కాబట్టి మడ్డి పట్టిన ఫిల్టర్ అప్పుడే దొరికిపోతుంది. వేడి కూడా అప్పుడే పెరుగుతుంది కాబట్టి మూసుకుపోయిన హీట్ ఎక్స్ఛేంజర్ కూడా దొరికిపోతుంది. ఇంజిన్ తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం అందుకోవాలి, కొన్ని నిమిషాలపాటు టెంపరేచర్ ముల్లు ఒకేచోట నిలబడాలి. ఇది చూడనిదే సీ ట్రయల్ అయినట్టు కాదు. స్పీడు పరిమితి లేని చోటికి ట్రయల్ తీసుకెళ్ళాలని ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఆ బోటు మీకొద్దు.

బోటుని పరీక్షించి రిపోర్టు ఇచ్చే సర్వేయర్‌ని కూడా బ్రోకరే సూచించాడు. సర్వేయర్‌ని మీరే వెతుక్కోండి, అమ్మేవాళ్ళతో లావాదేవీలు లేనివాణ్ణి. ఇంకోటి చాలామందికి తెలియదు: మామూలు సర్వేలో బోటు ఒళ్ళంతా చూస్తారు గానీ ఇంజిన్ లోపలికి వెళ్ళరు. దానికి డీజిల్ మెకానిక్‌ని వేరే పెట్టుకోవాలి, ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపాలి. ఆ ఖర్చు ఎక్కువనిపిస్తుంది, కానీ మా ట్యాంకు కడిగించడానికైన బిల్లు ముందు అదెంత!

పాత బోట్లు ఉన్నవి ఉన్నట్టుగానే అమ్ముతారు, కాగితాల్లో అదే రాసి ఉంటుంది. "బోటు అంగీకరించాను" అనే పత్రం మీద సంతకం పెట్టేదాకా మీ చేతిలో పట్టు ఉంటుంది, తర్వాత అడ్వాన్సు వెనక్కి రావడం కష్టం. లోపాలు సరిచేస్తేనే తీసుకుంటానని షరతుతో సంతకం పెట్టే వీలుంది, అడగండి. ఇన్సూరెన్స్ ఆదుకుంటుందని అనుకోకండి. అరుగుదల వల్ల వచ్చిన నష్టానికి సాధారణంగా పైసా ఇవ్వరు. మాకూ ఇవ్వలేదు. బ్రోకర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు, లాయర్ ద్వారా నోటీసు పంపాం.

ఇవన్నీ చూసుకుని బోటు తెచ్చుకునేవాళ్ళు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. జార్జియాలో ఆటుపోట్ల తేడా ఏడు నుంచి తొమ్మిది అడుగుల దాకా ఉంటుంది. జెకిల్ క్రీక్, సవానాకి దక్షిణాన హెల్ గేట్ లాంటి చోట్లకి పోటు పెరుగుతున్నప్పుడే వెళ్ళండి. మేట తగిలినా నీళ్ళు పెరిగి లేపుతాయి. ఎవరైనా సాయానికి వస్తే, తాడు అందుకునే ముందు "ఇది టోనా, సాల్వేజా?" అని అడిగి జవాబు స్పష్టంగా చెప్పించుకోండి. టో అయితే గంటల లెక్కన బిల్లు, మెంబర్‌షిప్ ఉంటే చాలావరకు అదీ ఉండదు. సాల్వేజ్ (ప్రమాదంలో ఉన్న బోటుని కాపాడటం) అయితే మీ బోటు విలువలో వాటా అడుగుతారు.