70 డిగ్రీల లీచింగ్ కాలమ్ సెట్: వేడి బాగుంది, గాలి సంగతే చూసుకోవాలి

రాగి తక్కువున్న పేద ఖనిజం నుంచి వేడిని ఇష్టపడే సూక్ష్మజీవుల సాయంతో, ఆమ్ల ద్రావణంలోకి కరిగించి (లీచింగ్) రాగి తీసే పరీక్షలకు విశాఖ ఆటోనగర్‌లో చేసి అమ్ముతున్న సెట్ ఇది. 1 మీటరు పొడవు, 10 సెం.మీ. లోపలి వ్యాసం ఉన్న రెండు పొరల గాజు కాలమ్ (నిలువు గొట్టం), ఆ పొరల మధ్య జాకెట్‌లో వేడినీళ్లు తిప్పే వాటర్ బాత్, గొట్టాన్ని నొక్కుతూ ద్రావణాన్ని నడిపే పెరిస్టాల్టిక్ పంపు, చిన్న ఎయిర్ పంపు ఇస్తారు. 12 మి.మీ. లోపు నలిపిన రాయి సుమారు 12 కిలోలు పడుతుంది. అందులో 0.3 శాతం రాగి ఉంటే మొత్తం 36 గ్రాములే. అంటే 2 గ్రాములు అటూఇటూ అయినా ఫలితం 5 శాతం పైగా మారిపోతుంది.

రాగి, ఇనుము, గంధకం కలిసిన చాల్కోపైరైట్ ఖనిజం 30 డిగ్రీల దగ్గర కొంత కరిగాక పైన పొర కట్టి మొండికేస్తుంది. మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్ రాగి గని రాయిలో ముఖ్యంగా ఉండేది ఇదే. అసిడియానస్, మెటలోస్ఫెరా లాంటి వేడిని ఇష్టపడే సూక్ష్మజీవులు 65-70 డిగ్రీల్లో ఇనుమును, గంధకాన్ని ఆక్సీకరించి పని ముందుకు నడిపిస్తాయి. ఆ వేడిని ఈ జాకెట్ చక్కగా నిలబెడుతుంది, అందులో వంక పెట్టలేం. చిక్కంతా పైభాగంలో వస్తుంది. గది వేడిమిలో ఉన్న ద్రావణం నేరుగా రాయి మీద పడితే పై పొర చల్లబడుతుంది. ఫీడ్ గొట్టాన్ని ఒకటి రెండు చుట్లు అదే బాత్‌లో ముంచి తెస్తే సరిపోతుంది. గంటకు 40-80 మి.లీ. చాలు, పీహెచ్ 1.6 దగ్గర ఉంచండి. 2 దాటితే ఈ వేడిలో జారోసైట్ అనే ఇనుప లవణం పసుప్పచ్చగా పేరుకుని దారులు మూసేస్తుంది.

అసలు లోపం గాలి దగ్గరుంది. పొడి గాలి నేరుగా పంపిస్తే నీరు ఆవిరై రాగి గాఢత ఉత్తుత్తిగా పెరిగి కనిపిస్తుంది. మధ్యలో 70 డిగ్రీల నీళ్ల సీసా పెట్టి, గాలిని అందులోంచి బుడగలుగా పంపాలి. తగ్గినంత డిస్టిల్డ్ వాటరే పోయాలి. తీరప్రాంతపు బోరునీళ్లు వద్దే వద్దు, క్లోరైడ్ ఈ జీవులకు పడదు. కింది జాలీ, కనెక్టర్లు ఎస్‌ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. ఆమ్లం, ఫెర్రిక్ (ఆక్సీకరించిన) ఇనుము, క్లోరైడ్ కలిస్తే అవి గుంటలు పడతాయి. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్)వి అడిగి మార్పించుకోండి.

కల్చర్ (పెంచిన సూక్ష్మజీవులు) వేసే ముందు ఆమ్లం ఒక్కటే తిప్పి, రాయి దాన్ని తాగడం ఆగిందో లేదో చూడండి. కార్బొనేట్ ఎక్కువున్న రాయి అయితే దీనికే రోజులు పడుతుంది.

ఒక్క కాలమ్‌తో మాత్రం కొనకండి. 70 డిగ్రీల్లో ఫెర్రిక్ ఇనుము ఒక్కటే చాలా రాగిని కరిగిస్తుంది. కల్చర్ వేయని రెండో కాలమ్ పక్కన నడవకపోతే ఎంత రాగి జీవులది, ఎంత రసాయనానిది అన్నది తేల్చలేరు. కరెంటు పోతే బాత్‌ను చిన్న ఇన్వర్టర్ మోయలేదు, ఎయిర్ పంపును మోస్తుంది. కలపాల్సింది దాన్నే: చల్లబడితే జీవులు మందగిస్తాయి, వేడిగా ఉండి గాలి ఆగితే చచ్చిపోతాయి.