రీఅలాక్‌అర్రే: ఏడేళ్లు వాడాక

రీఅలాక్‌అర్రే అంటే సి భాషలో అర్రేకి మెమరీ అడిగే, ఉన్నదాని సైజు మార్చే ఫంక్షన్. ఇది రాకముందు మెమరీ అడిగేటప్పుడు నేను కూడా అందరిలాగే మాలాక్ (మెమరీ ఇచ్చే మామూలు ఫంక్షన్) బ్రాకెట్లోనే లెక్క కట్టేసేవాణ్ణి. ఎన్ని కావాలి, ఒక్కోటి ఎన్ని బైట్లు, మధ్యలో గుణకారం గుర్తు. ఒక 32 బిట్ బోర్డు ఆ అలవాటు మాన్పించింది.

ఆ బోర్డులో ఫొటోలు చూపించే ప్రోగ్రాం రాశాను. వెడల్పు 32768, ఎత్తు 32769 అని హెడర్‌లో ఉన్న పాడైన ఫైల్ ఒకటి టెస్టింగ్‌లో వచ్చింది. పిక్సెల్‌కి 4 బైట్లు కాబట్టి మొత్తం 4 జీబీ దాటుతుంది. 32 బిట్లలో అంత సంఖ్య పట్టదు. పైబిట్టు రాలిపోయి 131072 మిగిలింది. మాలాక్ ఆ 128 కేబీ ఇచ్చేసింది, మెమరీ దొరక్కపోతే వచ్చే ఖాళీ పాయింటర్ (నల్) కోసం పెట్టిన చెక్ కూడా దాటేసింది. మొదటి వరస పిక్సెళ్లతోనే ఆ మెమరీ (బఫర్) నిండిపోయింది. రెండో వరస నుంచి పక్కనున్న మెమరీ మీద రాసుకుంటూ పోయింది. ప్రోగ్రాం పడిపోయింది మాత్రం ఏ సంబంధమూ లేని ఒక ఫ్రీ (మెమరీ తిరిగిచ్చే ఫంక్షన్) దగ్గర! తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాంలో 2002లో బయటపడిన పెద్ద లోపం కూడా ఈ జాతిదే. అవతలివైపు నుంచి వచ్చిన సంఖ్యను పాయింటర్ సైజుతో గుణించి నేరుగా మెమరీ అడిగారు. దాన్ని తయారుచేసే ఓపెన్‌బీఎస్‌డీ (ఒక ఆపరేటింగ్ సిస్టం) వాళ్లే 2014లో 5.6 వెర్షన్‌తో రీఅలాక్‌అర్రే ఇచ్చారు. లినక్స్‌లో ఎక్కువగా వాడే సి లైబ్రరీ జీలిబ్‌సీలోకి 2017లో వచ్చింది, 2024లో యూనిక్స్ తరహా సిస్టంల ప్రమాణం పోసిక్స్‌లో చేరింది.

దీనికి పాత బ్లాక్ పాయింటర్‌తో పాటు సంఖ్యనూ సైజునూ విడివిడిగా ఇస్తాం. గుణిస్తే పట్టదనుకుంటే నల్ ఇస్తుంది, పాత బ్లాక్ జోలికి పోదు. పాయింటర్ స్థానంలో నల్ ఇస్తే మాలాక్‌లా పనిచేస్తుంది. స్లో అవుతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. ఓపెన్‌బీఎస్‌డీ కోడ్‌లో రెండు సంఖ్యలూ చిన్నవైతే, పడుతుందో లేదో చూసే భాగహారం కూడా చేయరు.

కానీ ఇది చూసేది ఒక్క గుణకారాన్నే. వెడల్పునూ ఎత్తునూ మనమే గుణించి ఒక ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే, ఫంక్షన్‌కి చేరేసరికే లెక్క చెడిపోయి ఉండొచ్చు. కెపాసిటీని రెండింతలు చేసి పంపేటప్పుడూ అంతే. కోడ్ రివ్యూల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. హెడర్ స్ట్రక్ట్ వెనకాలే అర్రే ఉంటే కూడిక కూడా వస్తుంది, అక్కడ ఇది పనికిరాదు. అలాంటి చోట్ల సి భాష కొత్త ప్రమాణం సి23లో వచ్చిన సీకేడీ_మల్, సీకేడీ_యాడ్ వాడుతున్నాను; గుణకారం, కూడిక పట్టకపోతే అవి చెప్పేస్తాయి. పాత కంపైలరైతే, జీసీసీ కంపైలర్‌లో 5వ వెర్షన్ నుంచి ఉన్న, అదే పని చేసే ఓవర్‌ఫ్లో బిల్టిన్లు.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను. జీలిబ్‌సీలో కావలసిన ఫీచర్ మాక్రో (అదనపు ఫంక్షన్లను కనిపించేలా చేసే నిర్వచనం) లేకుండా కఠినమైన సి99 మోడ్‌లో కంపైల్ చేస్తే రీఅలాక్‌అర్రే డిక్లరేషన్ కనిపించదు. పాత జీసీసీ వార్నింగ్ ఇచ్చి వదిలేసింది. ఫంక్షన్ ఇంట్ ఇస్తుందనుకుని 64 బిట్ పాయింటర్‌ని సగానికి కోసేసింది. జీసీసీ 14 నుంచి అది ఎర్రర్.

కొత్తగా, సున్నాలతో నింపిన బఫర్ కావాలంటే ఇప్పటికీ కాలాక్ అనే ఫంక్షన్నే వాడతాను. పెరిగే అర్రేలన్నిటికీ మాత్రం ఇదే. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ పాడైన ఫైల్‌ని ఇప్పటికీ ప్రతి బిల్డ్‌కీ నడుపుతున్నాను.