శ్రీకాకుళంలో కిడ్నీ డయట్ క్యారేజీ: ఎలా ఉందో గిన్నెలే చెప్పాయి

కిడ్నీ, బీపీ ఉన్నవాళ్లకి ఉప్పు తగ్గించి వండి ఇంటికి పంపే క్యారేజీ టౌన్‌లో ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒకావిడ ఇంట్లోనే వండి పంపిస్తారు, బోర్డు కూడా లేదు. మా నాన్నకి తెప్పిస్తున్నాం. మామూలు క్యారేజీ కంటే రేటు ఎక్కువే, అయినా తెప్పించుకోమనే చెప్తాను.

మాది ఉద్దానం, కవిటి వైపు. కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలని చోటు. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన మనిషికి, పొటాషియం ఎక్కువ కాబట్టి కొబ్బరినీళ్లు వద్దు, చింతపండు పులుసు వద్దు, ఎండు చేప అసలే వద్దు అంటే ఇంకేం తింటాడు? ఇంతకుముందు ఒక ఆసుపత్రిలో మాకు డయట్ చార్ట్ అని ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఆ తర్వాత ఆయన అది తింటున్నాడా, వదిలేస్తున్నాడా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఎంత లెక్కగా వండినా లోపలికి వెళ్లని తిండి వైద్యం ఎలా అవుతుంది?

ఈవిడ దగ్గర నాకు బాగా నచ్చింది ఇదే. క్యారేజీ కడగకుండా వెనక్కి ఇమ్మంటారు. ఒక్కో గిన్నె మూత తీసి చూసి మొత్తం తిన్నారా, ముప్పావా, సగమా, పావా అని నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఆసుపత్రుల్లో డైటీషియన్లు కూడా ఇలాగే, పళ్లెంలో మిగిలింది తూచి గానీ కంటితో అంచనా వేసి గానీ, రోగికి ఆ తిండి ఎంతవరకు పడుతోందో చూస్తారు. ఈవిడ ఫోన్ చేసి "ఎలా ఉంది బాబాయ్" అంటే నాన్న ఎప్పుడూ "బాగుందమ్మా" అనే అంటాడు, వండి పెట్టిన మనిషితో బాగాలేదని మా వైపు పెద్దాళ్లు చెప్పరు. కానీ క్యాబేజీ కూర గిన్నె మాత్రం ప్రతిసారీ సగానికి సగం తిరిగి వెళ్లేది. పొటాషియం తగ్గడానికి ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తారు కదా, దాంతో రుచి కూడా పోతుంది. పుస్తకంలో అది చూసుకుని ఆవిడ వండే తీరు మార్చారు. ఉడికిన క్యాబేజీని గట్టిగా పిండి, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేసి, దించాక అల్లం కలిపి నూరిన ఆవ పెట్టి, పైన కొంచెం నిమ్మరసం పిండారు. ఉప్పు తగ్గిందని ఆ ఆవ ఘాటులో తెలియనే లేదు. గిన్నె ఖాళీ!

అయితే ఖాళీ గిన్నెని కూడా పూర్తిగా నమ్మకూడదు. అమ్మ అటు తిరిగితే నాన్న పక్కన ఆవకాయ వేసుకునేవాడు. అలా తింటే గిన్నె ఖాళీ అవుతుంది, ఉప్పూ ఒంట్లోకి పోతుంది. మొత్తం ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనుషులకే చెప్తోంది. అందుకని తినేటప్పుడు పక్కన ఏం వేసుకున్నారో కూడా ఆ పుస్తకంలో రాయాలని ఆవిడకి చెప్పాను.

నాకు నచ్చనిది నెలాఖరున ఇచ్చే కాగితం. "చాలా చాలా ఇష్టం" నుంచి "అస్సలు ఇష్టం లేదు" వరకు 9 మెట్లు ఉంటాయి. 1950ల నాటికే అమెరికా సైన్యం తమ సైనికుల తిండి కోసం తయారుచేసుకున్న కొలత అది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ నెలంతా తిన్న తిండికి కలిపి ఒక్క టిక్కు పెట్టమంటే ఏం తెలుస్తుంది? నాన్న చకచకా 8 మీద, అంటే "చాలా ఇష్టం" మీద పెట్టేశాడు. చప్పగా ఉందా, మరీ మెత్తబడిందా, వాసన పడలేదా, తిప్పి తిప్పి అవే కూరలు వస్తున్నాయని విసుగొచ్చిందా? ఒక్కో వంటకానికి విడిగా, తిన్న వెంటనే అడగాలి. రుచి చూసేది కూడా వంటింట్లో ఉన్న ఆరోగ్యవంతులైతే లాభం లేదు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకి నోట్లో లోహం చప్పరించినట్టు ఉంటుంది, వాళ్ల నాలుకే వేరు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి వారంలోనే "మావాళ్లకి పడట్లేదు" అని మానేయకండి. ఉప్పు తగ్గిస్తే నాలుక అలవాటు పడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందని పరిశోధనల్లో తేలింది. నాన్న ఇప్పుడు చుట్టాలింట్లో పప్పు నోట్లో పెట్టుకుని ఉప్పెక్కువైందంటున్నాడు. రుచి కోసం లో సోడియం ఉప్పు మాత్రం ఎవరూ కలపకండి, అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, కిడ్నీ పేషెంట్లకి ప్రమాదం. ఈవిడ అది వాడరు, ముందే అడిగి తెలుసుకున్నాను.

ఆదివారం క్యారేజీ ఉండదు. రాత్రి పూటది కొంచెం ఆలస్యంగా, చల్లారిపోయి వస్తోంది, చల్లారిన చప్పిడి కూర ఎవరికీ దిగదు, పెద్దవాళ్లున్న ఇళ్లకి ముందు పంపమని గట్టిగా చెప్పండి. చేరేటప్పుడు మీ డాక్టర్ రాసిన పొటాషియం, ప్రొటీన్ పరిమితుల కాగితం తీసుకెళ్లండి, అది చూశాకే వండడం మొదలుపెడతారు.