ఫ్యాక్టరీల్లో ద్రవాలను మోసే ప్రాసెస్ పైపులను వేడిగా ఉంచడానికి ఆవిరి మేలా, కరెంటు మేలా?

కరిగిన గంధకాన్ని మోసే పైపు విషయంలో నేను ఆవిరి వైపే మొగ్గుతాను. గంధకం సుమారు 119 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. 159 డిగ్రీలు దాటితే దాని అణువులు పొడవాటి గొలుసులుగా ముడిపడి, నీళ్లలా పారే ద్రవం కాస్తా పంపు నెట్టలేనంతగా చిక్కబడుతుంది. 3.5 బార్ గేజి పీడనంలోని (వాతావరణ పీడనానికి పైన అంత) సంతృప్త ఆవిరి, అంటే ఆ పీడనంలో నీరు మరిగే ఉష్ణోగ్రతలోనే ఉండే ఆవిరి, 148 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి, పీడనం అదుపులో ఉన్నంతకాలం పైపు ఆ పై హద్దును చేరే ప్రసక్తే లేదు. పైగా గంధకాన్ని కాల్చి సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేసే ప్లాంటులో ఆ వేడితోనే కావలసినంత ఆవిరి పుడుతుంది. అయితే పైపును ఒక గీత వెంబడి మాత్రమే తాకే సన్నని ఆవిరి గొట్టం (ట్రేసర్) కన్నా, చుట్టూ ఆవిరి నిండే జాకెట్ పైపు గంధకానికి నమ్మకమైనది.

ఆవిరితో వచ్చే చిక్కంతా ట్రాపులదే, అంటే ఆవిరిని ఆపి, అది చల్లబడి మారిన నీటిని (కండెన్సేట్‌ను) మాత్రమే బయటికి వదిలే కవాటాలదే. ట్రాప్ మూసుకుపోతే ట్రేసర్‌లో కండెన్సేట్ నిలిచి పైపు చల్లబడుతుంది. తెరుచుకుని ఉండిపోతే ఆవిరి పగలూ రాత్రీ గాలిలో కలిసిపోతుంది. బయటికి వదిలే ట్రాప్ నోటి దగ్గర నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది: మంచి ట్రాప్ నుంచి వచ్చే ఫ్లాష్ ఆవిరి (పీడనం తగ్గగానే వేడి కండెన్సేట్ మరిగి పుట్టేది) మొదటినుంచే తెల్లగా, మెల్లగా లేస్తుంది, పాడైనదాని నుంచి చిమ్మే ఆవిరి కాస్త దూరం కంటికి కనబడకుండా దూసుకెళ్లి ఆ తర్వాతే తెల్లబడుతుంది.

50 శాతం కాస్టిక్ సోడా ద్రావణం దగ్గర నా మొగ్గు తిరగబడుతుంది. అది గడ్డకట్టేది దాదాపు 12 డిగ్రీల వద్ద, కనుక కావలసింది కొద్దిపాటి వెచ్చదనమే. కార్బన్ స్టీలు పైపుకు ఆవిరి ట్రేసర్‌ను నేరుగా ఆనిస్తే, అది తగిలినచోట లోహం అతిగా వేడెక్కి, వెల్డింగుల పక్కన కాస్టిక్ పగుళ్లు వస్తాయి. ఇక్కడ పైపు వెంట అమర్చే, కరెంటుతో వేడెక్కే సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుల్ మేలు: వేడి పెరిగినచోట దాని పాలిమర్ వ్యాకోచించి, అందులోని కార్బన్ దారులు తెగి, కరెంటు తనంతట తానే తగ్గుతుంది. థర్మోస్టాట్ మాత్రం మానకూడదు.

దూరం పెరిగితే ఆవిరి అసలు పోటీలోనే ఉండదు. రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ నుంచి మైనంతో నిండిన మంగళ ముడిచమురును గుజరాత్‌కు చేరవేసే వందల కిలోమీటర్ల గొట్టాన్ని స్కిన్ ఎఫెక్ట్ పద్ధతిలో, అంటే దాని వెంట అమర్చిన ఉక్కు గొట్టం లోపలి పొరలో కరెంటు పారి వేడి పుట్టేలా, కరెంటుతోనే వెచ్చబరుస్తున్నారు. అంత దారి పొడవునా ఆవిరిని పంపి, కండెన్సేట్‌ను వెనక్కి తేవడం అయ్యే పని కాదు.

ఫర్నేస్ ఆయిల్ లైనుకు రెండూ పనిచేస్తాయి. బాయిలర్ ఎలాగూ ఉంది, ఆవిరి ఉచితమే అని అక్కడ లెక్క వేసేవారు ట్రాపుల తనిఖీకి ఒక మనిషి జీతాన్ని, తిరిగిరాని కండెన్సేట్ స్థానంలో శుద్ధిచేసి నింపే నీటి ఖర్చును కూడా అందులో కలపాలి.