టంగ్ టై: నోరు చూసి తేల్చడమా, పాలు తాగడం చూసి తేల్చడమా?

పాలిస్తుంటే నొప్పిగా ఉందంటే చాలు, ఈమధ్య ముందుగా వచ్చే అనుమానం టంగ్ టై, అంటే బిడ్డ నాలుక కింది పొర బిగుతుగా ఉండి నాలుక సరిగా కదలకపోవడం. దాన్ని తేల్చే దారులు రెండు: ఒకటి బిడ్డ నోరు చూడటం, రెండోది పాలు తాగే తీరు చూడటం.

సమయం: నోరు చూడటం రెండు నిమిషాల పని. రెండోదానికి ఒక ఫీడ్ మొత్తం పక్కన కూర్చోవాలి.

ఖర్చు: రెండోదానికే ఎక్కువ కావొచ్చు. ఆ పొరను అక్కర్లేకుండా కత్తిరించే పని తప్పితే మాత్రం అదే చవక.

తెలిసేది: నోరు చూస్తే నాలుక కింది పొర ఎంత ముందుకు అంటుకుందో, ఏడ్చినప్పుడు నాలుక పైకి లేస్తోందో లేదో తెలుస్తుంది. అసలు సంగతి బయటపడేది ఫీడ్‌లోనే. రొమ్ము మీద బిడ్డ నోటి పట్టు జారుతోందా, టక్ టక్‌మని చప్పుడొస్తోందా, గుటక వినిపిస్తోందా, వదిలాక చనుమొన ఏటవాలుగా నొక్కుకుపోయి ఉందా?

రిస్క్: ఆ పొర అందరికీ ఉంటుంది, కనబడినంత మాత్రాన జబ్బు కాదు. పై పెదవిని చిగురుకు కలిపే పొర సంగతైతే మరీనూ! అలాగని నోట్లో వేలు పెట్టి చూడకుండా ఫీడ్ ఒక్కటే చూసినా అసలైన టై తప్పిపోవచ్చు.

ఎవరికి ఏది: బిడ్డ బరువు పెరుగుతూ, తల్లికి నొప్పి లేకపోతే మామూలు చెకప్‌లో నోరు చూపిస్తే చాలు. నొప్పి తగ్గకపోతే ఫీడ్ చూసేవాళ్ల దగ్గరికే వెళ్లి ముందు పట్టు సరిచేయించుకోండి, కత్తిరింపు మాట తర్వాత. రెండు వారాలకూ పుట్టినప్పటి బరువుకు రాకపోయినా, తడి డైపర్లు తగ్గినా ఆగకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.